సువార్త చెప్పిన వాక్యం

శిష్యులు ప్రశ్న అడిగితే వకుళాదేవి గారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. ప్రభుత్వ బడుల్లో మాట సరిగా రాని పిల్లలకు పలుకు దిద్దుతూ తల నెరిసిన మనిషి ఆవిడ. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న స్నిగ్ధ ఒకనాటి ఉదయం బడికి వెళ్తూ దారిలో అడిగింది: "పిల్లల పలుకు స్పష్టమైందంటే మన పని ముగిసినట్టే కదా, మేడం?"

"ఇవాళ పాఠం నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటాను" అన్నారావిడ.

ఆ బడిలో సువార్త అనే పిల్ల ఉంది. పుట్టుకతో చీలిన అంగిలిని ఆపరేషన్ చేసి కుట్టారు గానీ, మాట్లాడేటప్పుడు గాలి ముక్కులోంచి పోవడం మానలేదు. ఏమన్నా ఎవరికీ అర్థం కాదు. "దీని భాష దీనికీ ఆ దేవుడికీ తెలియాలి మేడం! హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తవే తల్లీ, అదే పదివేలు అంటాం" అని నవ్వాడు ప్రధానోపాధ్యాయుడు. తల్లిదండ్రులు మిరప కోతలకు వలసపోయారనీ, ఈ పిల్లా, దీని అక్కా చిన్నాన్న ఇంట్లో ఉంటున్నారనీ కూడా ఆయనే చెప్పాడు.

స్నిగ్ధ ఆ పిల్ల ముక్కు కింద చిన్న అద్దం పట్టుకుంది. గాలి ముక్కులోంచి వస్తే అద్దం మసకబారుతుంది. నోటిలోంచి వస్తే తేటగా ఉంటుంది. ఆనాటి పాఠం 'గ'. గాజు, గోడ, గొడుగు. పిల్ల చెమటోడ్చి పలికింది. మాట మాటకూ మసక తగ్గుతుంటే స్నిగ్ధ గుండె పొంగింది.

"ఇప్పుడు నీ సొంతంగా ఏదైనా చెప్పు చూద్దాం."

సువార్త స్నిగ్ధ ముఖంలోకి చూసింది. "గదిలో అక్క. బయట గడియ."

అద్దం మీద ఆవిరి చుక్క లేదు. "శభాష్! ఎంత చక్కగా అన్నావే! ఏదీ, 'గడియ' దగ్గర కాస్త నొక్కి, మళ్ళీ!"

పిల్ల మళ్ళీ అంది. ఇంకోసారి అనమంటే ఇంకోసారి, ఈసారి గట్టిగా, స్నిగ్ధ మణికట్టు పట్టుకుని. స్నిగ్ధ మురిసిపోయి అద్దం పెద్దావిడ వైపు తిప్పింది. "చూడండి మేడం, ఎంత తేటగా ఉందో!"

వకుళాదేవి గారు అద్దం వైపు చూడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "గడియ ఎవరు వేశారు తల్లీ?" అని అడిగారు.

పిల్ల మాట మళ్ళీ ముక్కులోకి జారింది. ఆవిడ అడిగి అడిగి, తొందరపెట్టకుండా విన్నారు. అక్కకు మూర్ఛ రోగం. పొయ్యిలో పడుతుందని చిన్నాన్న గదిలో పెట్టి, గడియకు తాళం వేసి, ఎటో పోయాడు. మొన్న అక్క తలుపు కొట్టింది. నిన్న కూడా కొట్టింది. ఇవాళ కొట్టలేదు.

స్నిగ్ధ అద్దాన్ని ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది.

వకుళాదేవి గారు ఫోన్ చేస్తే పోలీసులు చిన్నాన్న ఇంటికి వచ్చి తాళం విరిచేసరికి అక్క తలుపు వారనే పడి ఉంది, కొయ్యబారి. "రాత్రే పోయినట్టుందమ్మా" అన్నాడు హెడ్ కానిస్టేబులు, టోపీ తీసి. పక్కింటి ముసలమ్మ గుండెలు బాదుకుంటోంది. "నిన్న పొద్దస్తమానం నా గడపలో నిలబడి ఏదో గొణిగిందయ్యా ఈ పిల్ల! ఆకలేస్తోందనుకున్నా. గిన్నెలో అన్నం కలిపి పెట్టి పంపించా. నాకేం తెలుసయ్యా!"

జనం పలచబడ్డాక స్నిగ్ధ గురువు పక్కకు చేరింది. ఆమె మాటల్లో ఒక ఊరట తొంగిచూసింది. "రాత్రే పోయిందట మేడం. అయితే ఇవాళ నా వల్ల ఆలస్యమైందేమీ లేదు."

వకుళాదేవి గారు ముసలమ్మ వైపే చూస్తున్నారు.

"ఆవిడకు పిల్ల మాట ఒక్కటీ బోధపడలేదు" అన్నారు. "అయినా అన్నం పెట్టింది."