ఎవరూ ఎక్కని వంతెన

విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న దిబ్బలపేటలో ఉమాపతి అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు. పనిలో అతనికి సాటి ఎవరూ లేరు గానీ, తనంత చదువుకోనివాళ్ల మాట మాత్రం చెవిన పెట్టేవాడు కాదు.

పేటకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక పెద్ద రోడ్డు ఉండేది. విద్యార్థులు చాలామంది పేటలో గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు. తరగతులు, గ్రంథాలయం, ఆసుపత్రి అన్నీ రోడ్డుకు అవతల. అందుకే పొద్దున్నించి సాయంత్రం దాకా జనం పోస్టాఫీసు మలుపు దగ్గర అటూ ఇటూ దాటుతూనే ఉండేవారు. వాహనాలు పెరిగాక అక్కడ ప్రమాదాలు మొదలయ్యాయి. ఒక అమ్మాయి కాలు విరిగింది. అప్పుడు నగరపాలక సంస్థ ఆ ప్రాంతాన్ని కొత్తగా తీర్చిదిద్దే పనిని ఉమాపతికి అప్పగించింది.

అతను మూడు నెలలు కూర్చుని నమూనా గీశాడు. రోడ్డుకు అడ్డంగా విల్లులా వంగిన ఉక్కు వంతెన. ఎక్కడానికి యాభై ఎనిమిది మెట్లు, దిగడానికి యాభై ఎనిమిది. కింద ఎవరూ దాటకుండా రోడ్డు మధ్యలో కిలోమీటరు పొడవున ఇనుప కంచె. లిఫ్టు కూడా పెడదామని అధికారులు అడిగితే, "వద్దండీ, వంతెన అందం చెడిపోతుంది" అన్నాడు.

కట్టే ముందు పేటవాళ్ల అభిప్రాయం అడగాలన్నది నియమం. ఉమాపతి ఆ సమావేశాన్ని బుధవారం పదకొండు గంటలకు పెట్టించాడు. ఆ వేళకు అందరూ పనుల్లో ఉంటారని అతనికి తెలుసు. అనుకున్నట్టే ఒక్క మనిషే వచ్చింది. ఆమె పేరు పైడమ్మ. అరవై ఏళ్లుంటాయి. రోజూ తోపుడుబండి మీద విశ్వవిద్యాలయం హాస్టళ్లకు ఇడ్లీలు తీసుకెళ్లేది.

ఆమె గోడ మీది వంతెన బొమ్మను చాలాసేపు చూసింది. "బాగుంది బాబూ. మరి నా బండి ఎలాగ ఎక్కుతాది?" అని అడిగింది.

"బండి కోసం వంతెనలు కట్టరమ్మా. మనుషుల కోసం కడతారు" అన్నాడు ఉమాపతి.

"మనుషులూ ఎక్కలేరు బాబూ. మోకాళ్ల నొప్పులోళ్లు ఉంటారు. చంటిపిల్లల తల్లులు ఉంటారు. పోస్టాఫీసు మలుపు కాడ బళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. అక్కడే రోడ్డు కొంచెం ఎత్తు చేసి, ఓ సిగ్నల్ దీపం పెట్టించండి. చాలు."

ఉమాపతి నవ్వాడు. "మెట్లెక్కడానికి బద్ధకమైతే నేనేం చెయ్యనమ్మా? నువ్వు ఇడ్లీల సంగతి చూసుకో, రోడ్డు సంగతి నేను చూసుకుంటాను."

పైడమ్మ ఆ బొమ్మను ఇంకోసారి చూసింది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

వంతెన తయారైంది. పత్రికలు దాని ఫొటోలు వేశాయి. జనం మాత్రం ఎక్కలేదు. కుర్రవాళ్లు కంచె దూకేవారు. దూకలేనివాళ్లు కంచె చివరిదాకా అర కిలోమీటరు పోయి, అవతలి వైపు మళ్లీ అర కిలోమీటరు వెనక్కి వచ్చేవారు. ఆ మాట ఎవరైనా చెబితే, "జనానికి క్రమశిక్షణ లేదు" అనేవాడు ఉమాపతి.

ఏడాది గడిచింది. వంతెన నిర్మించినందుకు విశ్వవిద్యాలయం ఉమాపతికి సన్మానం తలపెట్టింది. సరిగ్గా దానికి పది రోజుల ముందు, వేరే ఊళ్లో తాను కట్టిస్తున్న భవనం మెట్ల మీద జారిపడి అతను కాలు విరగ్గొట్టుకున్నాడు. సన్మానం నాటికి మోకాలి దాకా కట్టు, చంకల్లో కర్రలు. అయినా ఆటో ఎక్కి బయల్దేరాడు. ఆ రోజు ఏదో ఊరేగింపు వల్ల రోడ్డు మీద వాహనాలు ఆగిపోయాయి. "ఇక కదిలేలా లేదు సార్. వంతెన ఎక్కి వెళ్లిపోండి, ఎదురుగానే కదా" అంటూ ఆటో డ్రైవరు వంతెన కింద దించేశాడు.

ఉమాపతి తలెత్తి మెట్లు చూశాడు. కర్రలు ఆనించి ఒకటి ఎక్కాడు. రెండు ఎక్కాడు. ఆరో మెట్టు మీద ఒళ్లంతా చెమట పట్టింది. కర్ర జారి కిందికి దొర్లింది. పైకి పోలేడు, కిందికి దిగలేడు. రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఉండండి బాబూ, కదలకండి" అని కింద నుంచి ఎవరో అన్నారు.

పైడమ్మ! బండి పక్కకు పెట్టి, మెట్లెక్కి వచ్చి, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని మెల్లగా దించింది. ఇడ్లీ గిన్నెలు ఒక మూలకు సర్ది, బండి మీద గోనెసంచి పరిచింది. "కూకోండి. నేనూ అటేపే."

"వద్దమ్మా, నేను బరువు" అన్నాడు ఉమాపతి సిగ్గుపడుతూ.

"రోజూ తోసే దారే కదా బాబూ. బరువు ఉన్నా లేకపోయినా దూరం మాత్రం తగ్గదు."

ఆమె బండి తోస్తూ ఉంటే ఉమాపతి తాను గీసిన వీధిని మొదటిసారి చూశాడు. నిండు గర్భిణి ఒకామె కంచె చివర ఆగి, నడుం పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. ఒక ముసలి ఆచార్యుడు అరుగు మీద కూర్చుని పైడమ్మను పలకరించాడు. "గ్రంథాలయం కనిపిస్తూనే ఉంటుంది పైడమ్మా. వెళ్లి ఏడు నెలలైంది" అన్నాడు. బండి మీద ఉన్న పెద్దమనిషి ఎవరో ఆయనకు తెలియదు. ఉమాపతి తల దించుకున్నాడు. అంత ఎండలో అంత దూరం తోస్తూ కూడా పైడమ్మ ఆ పాత సమావేశం గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆమె దెప్పి ఉంటే అతనికి తేలికగా ఉండేదేమో.

సభలో అందరూ వంతెనను పొగిడారు. పేటలో మిగతా పనులు కూడా ఉమాపతికే ఇస్తున్నట్టు అధికారి ఒకరు ప్రకటించబోతున్నారు. ముందుగా ఉమాపతిని మాట్లాడమన్నారు. నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంటే పని చేతికొస్తుంది. నిజం చెబితే పేరు పోతుంది. అతను కర్ర ఊతంగా మైకు ముందుకు వచ్చాడు.

"ఈ సన్మానం నాకు వద్దండీ. నా వంతెన నేనే ఎక్కలేకపోయాను. నన్ను ఇక్కడికి చేర్చింది పైడమ్మగారి ఇడ్లీ బండి. ఎక్కడ ఏం కట్టాలో ఆవిడ వంతెన కట్టకముందే చెప్పారు. నేను నవ్వాను. నా తప్పు దిద్దుకోవడానికి నాకు ఒక్క అవకాశం ఇవ్వండి" అన్నాడు.

అధికారి ముఖం మాడ్చుకుని, పని ఇస్తున్నట్టు ప్రకటించకుండానే వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఉమాపతిని నలుగురూ ఎగతాళి చేశారు. అతను పట్టించుకోలేదు. కాలికి కట్టుతోనే పోస్టాఫీసు మలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దాటేవాళ్లను ఆపి, "మీకు ఏం కావాలి?" అని అడిగి రాసుకున్నాడు. నాలుగు నెలలు తిరిగి అధికారులను ఒప్పించాడు. కంచె అక్కడ తెరిచారు. రోడ్డును కాలిబాట ఎత్తుకు లేపారు. సిగ్నల్ దీపం పెట్టారు. నీడకు రెండు వైపులా కానుగ మొక్కలు నాటారు.

మొదటి రోజు ఎర్రదీపం పడగానే వాహనాలు ఆగాయి. పైడమ్మ బండి కుదుపు లేకుండా అవతలికి దొర్లింది. వెనకే ఆచార్యుడు సంచీ నిండా పుస్తకాలతో గ్రంథాలయానికి నడిచాడు. ఉమాపతి పైడమ్మ దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"మీ రుణం తీర్చుకోలేను పైడమ్మగారూ. ఆ రోజు మీరు నన్ను మెట్ల మీదే వదిలేసి ఉంటే, నేను ఇంకా జనాన్నే తిడుతూ ఉండేవాణ్ని."

పైడమ్మ నవ్వింది. "నేను చెప్పింది ఒక్క మాటే బాబూ. ఇంతమందిని దాటించింది మీరు. నా మోకాళ్లే మీకు దండం పెట్టాలి!" అని, వేడి ఇడ్లీలు రెండు ఆకులో పెట్టి అతని చేతికిచ్చింది.

ఎవరి కోసం పని చేస్తున్నామో ముందు వాళ్ల మాట వినాలి; మన తప్పు చూపించినవారికి కృతజ్ఞతతో తలవంచి దాన్ని దిద్దుకున్నవాడి విద్యే పదిమందికి పనికొస్తుంది.