కప్పలు పాడిన ఆదివారం

అనగనగా ఒక కొండ అడవిలో జంతువులకు ఒక సంఘం ఉండేది పిల్లలూ. చాలా పాతది. తాతముత్తాతల నాటి నుంచీ ఆదివారం పొద్దున్నే అందరూ పెద్ద పాక కింద చేరి కీర్తనలు పాడేవారు. దుప్పులు, అడవిదున్నలు, కుందేళ్లు, పిట్టలు లోపల కూర్చునేవి. కప్పలు మాత్రం బయట, వాగు ఒడ్డున. లోపలున్నవాళ్లే పాడాలని ఆచారం. ఎందుకని అడిగితే, "మొదటి నుంచీ అంతే" అనేవారు.

ఆ సంఘానికి రూతమ్మ అనే గొర్రె కొత్త కాపరిగా వచ్చింది. కప్పల్ని చూసి ఆమె మనసు చివుక్కుమంది. మొదటి ఆదివారమే లేచి, "వచ్చే వారం నుంచి కప్పలు లోపలే కూర్చుంటాయి" అని చెప్పేసింది.

మరుసటి ఆదివారం పాక సగం ఖాళీ. సంఘపెద్ద మత్తయ్య, ముసలి దుప్పి, రానేలేదు. కప్పలు కూడా జంకి లోపలికి రాలేదు.

"రానివాళ్ల పేర్లు కొట్టేయండి అమ్మగారూ" అంది కోతి.

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. "కొట్టేస్తే మిగిలేది సంఘం కాదు, నా పంతం" అని మత్తయ్య ఇంటికి బయలుదేరింది.

"తాతా, మిమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు. తప్పు నాదే. ఈ ఆచారం ఎలా వచ్చిందో చెబుతారా?"

మత్తయ్య నెమరు ఆపాడు. "మా తాత చెప్పేవాడమ్మా. ఒకసారి ప్రార్థన జరుగుతుండగా పిడుగు పడిందట. మనవాళ్లు బెదిరి పరిగెత్తారు. ఆ తొక్కిసలాటలో కప్పపిల్లలు గిట్టల కింద నలిగిపోయాయి. మళ్లీ అలా జరగకూడదని వాళ్లను బయట కూర్చోబెట్టారు. పోను పోను పాట కూడా లోపలివాళ్లదే అయిపోయింది."

"అయితే ప్రేమతో పెట్టిన ఆచారమే కదా తాతా."

"ప్రేమతోనే. ఆ సంగతి వాళ్లకి చెప్పినవాళ్లే లేరు."

ఇద్దరూ వాగు ఒడ్డుకు వెళ్లారు. జరిగింది విని కప్పల పెద్ద సలోమి కళ్లు తుడుచుకుంది. "మా గొంతు మీకు గిట్టదనుకున్నాం తాతా. మా అమ్మ అలా అనుకునే పోయింది."

"ఏం చేస్తే భయం లేకుండా లోపల కూర్చుంటారు?" అడిగింది రూతమ్మ.

"గిట్టలకు అందని ఎత్తు ఉంటే చాలు."

"గాలికి పడిపోయిన మద్దిమాను ఉంది. దాన్ని పాకలోకి లాగమని దున్నలతో నేను మాట్లాడతాను" అని మత్తయ్యే ముందు నడిచాడు. పాకకు రావడం మానేసినవాళ్ల ఇళ్లకు కూడా తనే వెళ్లి, జరిగింది చెప్పి పిలిచాడు.

ఆ ఆదివారం పాక కిటకిటలాడింది. అందరికంటే ముందు మద్దిమాను, దాని మీద బారులు తీరిన కప్పలు. మత్తయ్య పాత కీర్తన ఎత్తుకున్నాడు. పిట్టలు పైగొంతుతో అందుకున్నాయి. అడుగున కప్పల గొంతు బెకబెకమని గంభీరంగా మోగింది. దున్నలు గిట్టలతో తాళం వేశాయి. కుందేళ్లు ఆగలేక గంతులేశాయి.

"ఈ పాటకి ఇంత అందం ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదే" అని మత్తయ్య నవ్వాడు. "సలోమీ, ఇంకో చరణం పాడమ్మా."

నీతి: పాత ఆచారాన్ని మార్చాలంటే, అది ఎందుకు పుట్టిందో ముందు వినాలి. తోస్తే ఎదురు తిరిగేవాళ్లే, కలుపుకుంటే ముందు నడుస్తారు.