జ్వరం లేనివాళ్ళ బన్ను

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మొగిలిదిన్నె అనే ఊళ్ళో, మస్తానమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ బన్నులు కాల్చి అమ్మేది. దుప్పటి నిండుగా కప్పుకో, చెబుతాను.

మస్తానమ్మ ఇంటి వెనక మట్టితో కట్టిన బట్టీ ఉండేది. సాయంత్రమే పాలు పోసి, చక్కెర వేసి పిండి కలిపి పొంగనిచ్చేది. తెల్లారేసరికి కట్టెలు రాజేసి, పిండి ఉండలు చేసి, రేకుల మీద పేర్చి లోపలికి తోసేది. అప్పుడు వచ్చేవమ్మా బన్నులు! వేలు పెడితే దిగిపోయేంత మెత్తన. ఏదీ నంచుకోకుండా తిన్నా తియ్యన.

అంత మంచి బన్నుల్ని ఊరంతా ఎగబడి కొనాలి కదా? కొనేవాళ్ళు కాదు. ఎందుకంటే ఆ ఊళ్ళో బన్నంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఒళ్ళు కాలితే పాలు, బన్ను. ఒళ్ళు చల్లబడితే పప్పు, అన్నం. ఒంట్లో బాగున్న మనిషి బన్ను తినడమంటే, కాలు బాగున్నవాడు కట్టు కట్టుకొని తిరిగినట్టే వాళ్ళకి.

ఎవరైనా బన్ను కొన్నారంటే చాలు, "ఎవరికమ్మా జరం?" అని వీధి వీధంతా అడిగేది. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పలేక, కొనేవాళ్ళు కూడా కొంగు చాటున పెట్టుకొని పోయేవాళ్ళు.

వానాకాలంలో మస్తానమ్మకి ఊపిరి సలిపేది కాదు. ఎండాకాలంలో బట్టీ వైపు చూసేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు. ఆకాశాన మబ్బు కనబడితే ఒక్కోసారి ఆవిడకి లోపల సంతోషం వేసేది. వెంటనే చెంపలు వేసుకునేది. ఊరికి జబ్బు చేస్తేగానీ నాకు కూడు దొరకదా అని సిగ్గుతో చచ్చిపోయేది.

ఒక ఏడు వేసవిలో ఊళ్ళో ఒక్కరికీ జ్వరం రాలేదు. రేకుల మీది బన్నులు రేకుల మీదే ఎండిపోయాయి. అప్పుడు పట్నం నుంచి ఆవిడ అన్న పీరయ్య వచ్చాడు. చూశాడు.

"ఎన్నాళ్ళమ్మే ఈ అగచాట్లు? ఆదివారం బండి తోలుకొస్తా. రేకులూ సామానూ సర్దుకో. మా ఇంట్లోనే ఇంత తిని, పిల్లల్ని చూసుకుంటా ఉందువు" అన్నాడు.

పీరయ్య మంచివాడే, ప్రేమ కొద్దీ అన్నాడు. కానీ మస్తానమ్మ బట్టీ వైపు చూసింది. పొద్దున్నే బట్టీ మూత తియ్యగానే ముఖానికి కొట్టే ఆ వాసన లేకుండా తను ఎట్లా బతకాలి? అన్న ఇల్లే కావచ్చు, ఒకరి మీద ఆధారపడి తినే ముద్ద తనకి గొంతు దిగుతుందా?

"ఆదివారం దాకా ఆగన్నా. అప్పటికీ ఎవురూ కొనకపోతే నువ్వు చెప్పినట్టే వస్తా" అంది.

సరే, ముందు తనే తిని చూపిస్తే జనం భయం పోతుందనుకుంది. గురువారం పొద్దున అరుగు మీద కూర్చొని, నలుగురూ చూసేట్టు బన్ను తినడం మొదలుపెట్టింది. ఏమైందనుకున్నావు? సగం తినేలోపే పక్కింటావిడ బత్తాయిలు పట్టుకొని వచ్చేసింది. ఎదురింటి ముసలమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ తర్వాత కాంపౌండరు చెంచురామయ్య మందుల పెట్టె చంకన పెట్టుకొని రానే వచ్చాడు. ఆ ఊరికి వైద్యమంటే ఆయనే. ఆయన మాటంటే మాటే.

"నాకేం జబ్బు లేదయ్యా, ఊరికే తింటన్నా" అంది మస్తానమ్మ.

"ఊరికే ఎవురన్నా బన్ను తింటారా తల్లీ? పథ్యం జాగర్త. గుడ్డు తినబాకు. నెయ్యి ముట్టబాకు. వేపుళ్ళ జోలికి పోబాకు" అని, వద్దు వద్దంటున్నా సూది పొడిచి మరీ వెళ్ళాడు. నవ్వుతావేమే? పాపం, రెండు రోజులు చెయ్యి వాచింది ఆవిడకి.

శుక్రవారం ఇంకో ఉపాయం చేసింది. ఇంటింటికీ తిరిగి బన్నులు ఊరికే పంచిపెట్టింది. "వేడి మీద తినండి" అని మరీ మరీ చెప్పింది. అందరూ నవ్వుతూ తీసుకున్నారు. సాయంత్రం పోయి చూస్తే, ఒక ఇంట్లో డబ్బాలో ఉన్నాయి, ఒక ఇంట్లో ఉట్టి మీద ఉన్నాయి, ఒక ఇంట్లో గూట్లో ఉన్నాయి. "జరమొస్తే పనికొస్తయ్యని దాచాం మస్తానమ్మా" అన్నారు.

అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమూ వచ్చింది.

"జ్వరం తిండి అనే కదా వీళ్ళు బన్ను ముట్టుకోరు? అయితే జ్వరం వచ్చినవాళ్ళు ముట్టుకోవడానికే వీల్లేని బన్ను చేస్తా" అనుకుంది. చెంచురామయ్య వద్దన్నవన్నీ గుర్తు చేసుకుంది. గుడ్డు, నెయ్యి, వేపుడు. ఆ మూడూ బన్నుకే పట్టించాలని పంతం పట్టింది.

శనివారం పొద్దున్నే గుడ్లు గిలక్కొట్టి, పాలు పోసి, ఏలకుల పొడి కలిపింది. అప్పుడే దించిన బన్ను కోసి అందులో నానేసింది. తియ్యబోతే ఏముంది, జావ! వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

ఇంకో బన్ను ముంచీ ముంచగానే తీసి, పెద్ద మంట మీద పెనంలో వేసింది. బన్నులో చక్కెర ఉందాయె, మాడకుండా ఉంటుందా? పైన బొగ్గు, లోపల పచ్చి.

మూడోసారికి ఆవిడకి నిదానం వచ్చింది. గురువారం నాటి బన్ను, కాస్త ఆరినది తీసుకుంది. అడ్డంగా రెండు చెక్కలు కోసింది. ఒక వైపు ముంచి, తిప్పి రెండో వైపు ముంచి, వెంటనే తీసేసింది. సన్నటి సెగ మీద నెయ్యి కరిగించి, తొందరపడకుండా రెండు వైపులా కాల్చింది. అంచులు కరకరలాడాయి. నడుమ వెన్నలాగా ఉంది. రంగు చూస్తే మేలిమి బంగారం.

ఆ వాసన వీధిలోకి పోయింది. వాసనకి జనం వచ్చారు. వచ్చారు కానీ దూరంగా నిలబడ్డారు. అప్పుడు చెంచురామయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"జరమోళ్ళ బన్నుకి గుడ్డూ నెయ్యీ పట్టిస్తావా? ఎవురన్నా తింటే ప్రాణం మీదికి రాదూ?" అని కేకలేశాడు.

"ఇది జరమోళ్ళకి కాదయ్యా. జరం లేనోళ్ళకి" అంది మస్తానమ్మ.

"లేనోళ్ళు తింటే తప్పేముంది? శుభ్రంగా తినొచ్చు."

"ఆ మాటే వీధిలోకొచ్చి చెప్పు నాయనా, నీకు పుణ్యముంటది."

చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ వాసనకి ఆయన నోరూ ఊరుతోంది మరి. ఒక చెక్క అందుకొని అందరి ముందూ కరకర నమిలాడు. "నాకు జరం లేదు!" అని కళ్ళు మూసుకొని చెప్పాడు. ఇంక చూసుకో. నాకంటే నాకని ఒకరి మీద ఒకరు పడ్డారు. గుడ్డు తినని వాళ్ళకి పాలల్లో కాస్త శనగపిండి కలిపి కాల్చి ఇచ్చింది.

ఆదివారం పొద్దెక్కేసరికి పీరయ్య బండి తోలుకొని వచ్చాడు. సామాను కట్టడానికి తాళ్ళు కూడా తెచ్చాడు. ఇంటి ముందు అంత జనాన్ని చూసి, చెల్లెలికి ఏమైందోనని హడలిపోయి లోపలికి పరిగెత్తాడు. చూస్తే ఆవిడ పెనం ముందు చెమటలు కక్కుతూ కూర్చొని ఉంది. మాట్లాడే తీరిక లేదు. ఒక చెక్క ఆకులో పెట్టి చేతికిచ్చింది.

పీరయ్య తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. మూడోది కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కొని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మస్తానమ్మ చెయ్యి ఆగిపోయింది. రేకులు సర్దడానికే పోయాడనుకుంది. అట్లకాడ పక్కన పడేసి, గబగబా వెనక్కి పోయి చూసింది.

పీరయ్య బట్టీ ముందు గొంతుకూర్చొని, పంచె పైకి ఎగదోసుకొని, లోపలికి కట్టెలు తోస్తున్నాడు.

"మంట ఇట్టా తగ్గించేస్తే ఎట్టమ్మే? ఇంతమందికి బన్నులు యాడ్నించి తెస్తావు?" అని కసురుకున్నాడు.

పెనం మీద బన్ను, మూసుకో నీ కన్ను,
నేతి వాసన వీధికి, నిద్ర నీ కంటికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి!