పైడమ్మ తలలో కావలివాడు

అనగనగా అని నేనంటాను, నువ్వు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే ఆపేస్తాను, తెలిసిందా? అనగనగా ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. వరిపనల మోపు మోస్తూ గట్టు మీద జారిపడింది. నడుం ఎముక బీటవారింది. అప్పటికి ఆమె కూతురు చిన్నికి ఆరు నెలలు.

ఆ తర్వాత రెండేళ్ళు గడిచినా నొప్పి పోలేదు. వంగితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. చిన్నిని ఆడపడుచు సింహాచలమే ఎత్తుకు పెంచింది. అందుకని ఆ పిచ్చిపిల్ల సింహాచలాన్ని "అమ్మా" అనేది, కన్నతల్లిని "అత్తా" అనేది.

అప్పుడు సింహాచలానికి పెళ్ళి కుదిరింది.

"నువ్వెలాగూ ఎత్తుకోలేవు కదే. పిల్లని దాంతోనే పంపేద్దాం," అంది అత్తగారు. పెళ్ళి ఇంకా నెల రోజులే ఉంది.

పైడమ్మ పట్టీలు వేయించుకుంది, తగ్గలేదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదులుతుందంటారు కదా, అలా పుట్టిన అప్పన్నని పిలిచి మూడు తన్నులు తన్నించుకుంది. నవ్వకు! మూడు పూటలు హాయిగా ఉంది, నాలుగో పూటకి మళ్ళీ మొదలు.

అప్పుడు పట్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఎముక ఎప్పుడో అతికిందమ్మా," అంది డాక్టరమ్మ. "నీ నొప్పి నిజమే, నేను కాదనను. కానీ ఇప్పుడు దాన్ని పుట్టిస్తున్నది నడుం కాదు, మెదడు. మంచె మీది కావలివాడు ఒకసారి అడవిపందిని చూసి జడుసుకున్నాడంటే, ఆకు కదిలినా డబ్బా వాయిస్తాడు చూడు, అలాగన్నమాట. వాణ్ణి తిట్టకు. రోజూ కాస్త కాస్త వంగి, పంది లేదని చూపించు."

మొదటి వారం పైడమ్మ మంచం పట్టె ముట్టుకుంది. రెండో వారం పీట ముట్టుకుంది. మూడో వారం వేళ్ళు నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయాయి. లోపల డబ్బా మోగుతూనే ఉంది.

పెళ్ళయిపోయింది. వ్యాను వచ్చింది. అత్తగారు పిల్ల బట్టల మూట అందులో పెట్టేసింది. పెద్దవాళ్ళకి దండం పెట్టాలని సింహాచలం చిన్నిని కింద దించింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

అప్పుడు పైడమ్మ వంగింది. నడుంలో నిప్పు పోసినట్టయింది.

"చూశాన్లేరా! పంది కాదు, నా పిల్ల," అంది తలలోని కావలివాడితో, పైకే.

ఇంకా వంగింది. రెండు చేతులూ చిన్ని చంకల కింద పెట్టి, ఒక్కసారి ఎత్తేసింది.

అత్తగారు వెళ్ళి వ్యానులోంచి మూట వెనక్కి తెచ్చింది.

చిన్ని వెక్కుతూ పైడమ్మ మెడ గట్టిగా పట్టుకుంది. "అత్తా, దించకు," అంది.

"దించనమ్మా," అంది పైడమ్మ. నొప్పి ఇంకా ఉంది. అయినా దించలేదు.

కథ నడిచి కంచికెళ్ళింది,
కునుకు వచ్చి కళ్ళకెక్కింది,
మనం మాత్రం ఇంట్లోనే ఉన్నాం,
దుప్పటి లాక్కుని బజ్జుందాం.