తుమ్ము రాని తనిఖీ

రిజ్వానా ఆఫీసులోకి వస్తూనే బ్యాగు బల్ల మీద పడేసింది.

"ఇంక నా వల్ల కాదు సార్. ఈ సీఏ చదువు మానేస్తాను."

గుంటూరులో ఆడిటర్ పానకాలరావు గారి దగ్గర ఆమె శిక్షణకు చేరి రెండేళ్ళయింది. ఇప్పుడు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సరుకు తనిఖీకి వెళ్ళి వస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఆ మేనేజరు కూర్చోమని కూడా అనలేదు. కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, 'లిస్టు అదుగో, టిక్కులు పెట్టుకుపో' అన్నాడు. రెండు గంటలు నిలబడే పెట్టాను. పరీక్షలన్నీ మొదటిసారికే పాసయ్యాను సార్. మా నాన్న ఆటో తోలి చదివించింది ఇందుకేనా? అదే నేను డాక్టర్నైతే ఇలాగే నిలబెడతాడా?"

ఆమె కోపంలో తప్పు లేదు. మన దగ్గర ఈ శిక్షణ చాలా చోట్ల ఇంతే. చేతిలో ఏదో కాస్త పెట్టి, ఏళ్ళ తరబడి కాగితాలు మోయించి, చివర్లో సంతకం చేసి పంపేస్తారు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పానకాలరావు గారు లిస్టు తిరగేశారు. ప్రతి వరసకీ ఆకుపచ్చ టిక్కు ఉంది.

"ఎన్నిసార్లు తుమ్మావు?"

"తుమ్మడమేంటి సార్?"

"మిర్చి బస్తాల మధ్యకు వెళ్ళినవాళ్ళు తుమ్మకుండా బయటికి రారు."

రిజ్వానా తన టిక్కుల వంక చూసుకుంది. ఆయన మొహం కందిపోయింది.

"రెండేళ్ళుగా ఈ మాట నిన్ను అడగలేదు చూడు, సిగ్గు నాకుండాలి," అంటూ కొక్కేనికున్న స్వెట్టర్ తీసుకుని లేచారు.

వాళ్ళు వెళ్ళేసరికి మేనేజరు కాళ్ళు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

"లిస్టు అయిపోయింది కదండీ," అన్నాడు.

"మొదటి గది తీయించండి. ఈ అమ్మాయి బస్తాలు లెక్కపెడుతుంది."

కాళ్ళు కిందికి దిగాయి. "తాళం మేస్త్రి దగ్గరుందండి. రేపొస్తాడు."

"రేపటిదాకా ఇక్కడే కూర్చుంటాం."

తాళం సొరుగులోనే దొరికింది.

పానకాలరావు గారు స్వెట్టర్ రిజ్వానా చేతికిచ్చి గుమ్మం బయటే ఉండిపోయారు. గంట తర్వాత ఆమె వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, తుమ్ము మీద తుమ్ము వస్తోంది. లిస్టులో ఆ గదికి తొమ్మిది వందల బస్తాలున్నాయి. లోపల ఉన్నవి ఆరు వందల పద్నాలుగు. తను పెట్టిన టిక్కును తనే కొట్టేసింది.

ఈలోగా మేనేజరు ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి మేడమ్."

రిజ్వానా కుర్చీ వంక చూడలేదు. చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"రెండో గది తాళం ఇవ్వండి," అంది.