అడుగునున్న చెక్కముక్క

"ప్రయోగం చెడిపోతే మావాళ్లు నాకు ముందే ఎందుకు చెప్పరు మాస్టారూ?" అని త్రినాథ్ అడిగాడు. ఆ అడగడంలో బాధ కన్నా కోపమే ఎక్కువగా ఉంది. కాగితపు మిల్లులో సరుగుడు కర్రను ఉడికించగా మిగిలే నల్లటి ద్రవం నుంచి ప్లైవుడ్ జిగురు తయారుచేసే పరిశోధన బృందానికి అతను పెద్ద. కొత్త జిగురు పట్టు వదిలేస్తోందన్న సంగతిని హైమవతి అనే కుర్ర శాస్త్రవేత్త నెల్లాళ్లు కడుపులో దాచుకుంది. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యమని ఆ సాయంత్రమే పైవాళ్లకు చెప్పబోతున్నాడు.

కూర్మారావు మాస్టారు ఒకప్పుడు ఆ బృందాన్ని నడిపిన మనిషి. త్రినాథ్‌కు పని నేర్పిందీ ఆయనే. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. "పదరా, మీ జిగురు ఏపాటిదో చూద్దాం" అని లేచారు.

ప్రయోగశాలలో అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. హైమవతి గోడ పక్కన ఒదిగి ఉంది. ఏడ్చినట్టు కళ్లు చెబుతూనే ఉన్నాయి. ప్లైవుడ్ ముక్కను మరిగే నీళ్లలో వేసి ఉడికించడం అక్కడి పరీక్ష. పొరలు విడిపోయాయా, జిగురు ఓడినట్టే. పొయ్యి మీద గిన్నెతో నీళ్లు పెట్టారు. బల్ల మీద ముక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, అడుగునున్న ముక్కొకదాన్ని లాగబోయారు.

త్రినాథ్ చెయ్యి దానంతటదే వెళ్లి ఆయన చేతిని పట్టుకుంది. "అది కాదు మాస్టారూ, ఇది తీసుకోండి. ఇది బాగా కుదిరింది" అంటూ పైముక్క అందించాడు.

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. వచ్చిన ప్రతి అతిథికీ అతను అలాగే ముక్క ఎంచి ఇస్తాడు. సంతలో మామిడిపళ్ల గంప సర్దినట్టు మంచివి పైకి, చెడ్డవి అడుక్కి పెట్టమని వీళ్లకు నేర్పిందీ తనే. గదిలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. వాళ్లకెప్పుడో తెలిసిన సంగతి అతనికి ఇప్పుడు తెలిసింది, అంతే. త్రినాథ్‌కు తల కొట్టేసినట్టయింది. హైమవతి వైపు చూద్దామనుకున్నాడు గానీ సిగ్గుతో మెడ తిరగలేదు.

"ఈ అమ్మాయిని... పంపించేద్దామనుకున్నాను మాస్టారూ" అన్నాడు.

మాస్టారు అడుగుముక్కను కూడా బయటికి లాగారు. రెండు ముక్కలూ తెచ్చి అతని చేతిలోనే పెట్టారు.

"నీళ్లు మరుగుతున్నాయిరా త్రినాథా. ఏది వేస్తావో వెయ్యి."