చల్లారు కొలువు మానేసిన గంటలశాల

నేను అనగనగా అంటాను, మీరు ఊ అనాలి. మీరు ఊ అనకపోతే నాకు భయం. ఎదుటివాళ్ళు నోరు మూసుకున్న చోట ఏమేం జరిగిందో చెప్పే కథ ఇది. అందుకని చివరిదాకా ఊ కొడుతూనే ఉండండి.

అనగనగా తూర్పు సముద్రం ఒడ్డున దివ్వెలరేవు అనే పట్నం. ఆ పట్నంలో ఒక గంటలశాల. నూరుమంది పనివాళ్ళు. గుడికి గంట కావాలన్నా, కోటకు కావాలన్నా, పట్టపుటేనుగు మెడకు కావాలన్నా అందరూ అక్కడికే వచ్చేవారు.

గంట చేయడమంటే మాటలు కాదు. మట్టితో అచ్చు కట్టాలి, లోపలిదాకా ఎండనివ్వాలి. గోతిలోకి దింపి, కంచు కరిగించి, ధార తెగకుండా పోయాలి. పైన మట్టి కప్పాలి. ఇక మూడు రోజులు ఎవరూ దాని జోలికి పోకూడదు. తొందరపడి బయటికి తీస్తే పగిలిపోతుంది.

గంట చల్లారే మూడోనాడు శాల మొత్తం గోతి చుట్టూ కూర్చునేది. దాన్ని చల్లారు కొలువు అనేవాళ్ళు. ముందు శాలపెద్ద నోరు విప్పాలి. "ఈ పోతలో నేను చేసిన తప్పు ఇది" అని చెప్పాలి. ఆయన చెప్పాక మిగతావాళ్ళు ఒకరి తరువాత ఒకరు చెప్పాలి. చెప్పినందుకు ఎవరినీ తిట్టకూడదు, పనిలోంచి తియ్యకూడదు. అందరూ చెప్పుకున్నాకే అచ్చు పగలగొట్టాలి.

ఎందుకలా అని ఎవరైనా అడిగితే ముసలివాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవారు. "కంచుకి చెవులుంటాయి నాయనా. మనం దాచిన మాటను అది దాచుకుంటుంది."

ఆ శాలలో రుద్రాచారి అని ఒకడుండేవాడు. మెరికలాంటివాడు. తిత్తులు ఊదే పనితో మొదలుపెట్టాడు. అచ్చుల పనికి ఎదిగాడు. కంచు కరిగే మూస పట్టుకునే పనికి ఎదిగాడు. కొలిమి పెద్ద అయ్యాడు. ముసలి శాలపెద్ద జోగాచారి కాలం చేశాక, రాజుగారు అతన్నే పిలిచి శాలపెద్ద పీట మీద కూర్చోబెట్టారు. అప్పటికి అతనికి నలభై నిండలేదు.

పీట ఎక్కిన రోజే రుద్రాచారి మొదటి ఆజ్ఞ వేశాడు.

"ఇకమీదట చల్లారు కొలువు లేదు. చేతులు ముడుచుకుని కూర్చుని తప్పులు తవ్వుకోవడం ఏమిటి? ఆ పూటకి ఇంకో అచ్చు కట్టొచ్చు."

నూరుమందీ తలలూపారు. తల ఊపడం ఎంత సుఖమో నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది.

ఆ ఏడు వచ్చిన తుపానుకి రేవుగంట విరిగి సముద్రంలో పడిపోయింది. అది మామూలు గంట కాదు. రేవు ముందర నీళ్ళలో నల్లరాళ్ళు బారులు తీరి ఉంటాయి. మార్గశిరంలో మంచు దిగితే వాటి నడుమ దారి కనబడదు. గంట చప్పుడు వింటూ పడవలు ఒడ్డు చేరాలి. వేరే దిక్కు లేదు.

రేవు అధికారి వచ్చి చెప్పాడు. "మంచు దిగేలోగా కొత్త గంట కట్టాలి రుద్రాచారీ. సముద్రం మీద ముప్పై ఏడు పడవలున్నాయి."

"మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు రుద్రాచారి.

మొదటి గంటకు అచ్చు సిద్ధమైంది. అచ్చులు కట్టే నూకాలు శాలలో అందరికంటే పాతది. ఆమె అరచేత్తో అచ్చుని తడిమి చూసి అంది. "బాబూ, లోపల ఇంకా తడారనేదు. రెండ్రోజులు ఎండనియ్యండి."

రుద్రాచారి మొహం చిట్లించాడు. "నేను అచ్చులు కట్టి పైకొచ్చినవాణ్ణే నూకాలూ. నాకు నేర్పకు."

నూకాలు నోరు మూసుకుంది.

గంట బయటికి వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎక్కడా గీత లేదు, బొడిపె లేదు. దూలానికి కట్టి కొట్టారు.

చప్పుడు రాలేదు.

మళ్ళీ కొట్టారు. లోపల వేలాడే నాలుక గంటకు తగలడం కనబడుతోంది. పట్టుకున్న తాడు వణుకుతోంది. చూరు కింది పావురాలు బెదిరి లేచిపోయాయి. కానీ మనిషి చెవికి మాత్రం ఏమీ వినబడలేదు. చెవుల్లో దూది కుక్కినట్టయింది అందరికీ. ఆ పూటంతా ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

"కంచు బాగాలేదు" అని మర్నాడు తేల్చేశాడు రుద్రాచారి. "కరిగించండి."

రెండో గంటకు కొలిమి పెద్ద సింహాద్రి కంచు కలిపాడు. తగరం చాలలేదని అతనికి కనబడుతూనే ఉంది. చెబుదామని నోరు తెరిచాడు. నూకాలుకి జరిగింది గుర్తొచ్చి మూసేశాడు.

ఆ గంటను పట్టపగలు, అందరి ఎదుటా కొట్టారు. ఈసారి వినబడింది. కానీ అది గంట చప్పుడు కాదు.

"లోపల ఇంకా తడారనేదు బాబూ" అంది గంట.

అది నూకాలు గొంతు. నూకాలు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె పెదవులు కదలలేదు.

రెండోసారి కొట్టారు. "తగరం చాలలేదు. చూశాను. చెప్పలేదు" అంది గంట సింహాద్రి గొంతుతో. సింహాద్రి రెండు చేతులతో నోరు కప్పుకున్నాడు.

మూడోసారి ఎవరూ కొట్టలేదు. అదే మోగింది. మగా ఆడా, ముసలీ పడుచూ, నూరు గొంతులు గుసగుసగా ఒక్కసారి పలికాయి. "చెప్పలేదు. చెప్పలేదు. చెప్పలేదు."

"ఎవడురా వెనకాల నిలబడి వేళాకోళం ఆడేది?" అని రుద్రాచారి కేకలేశాడు. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. ఆ గంటనూ పగలగొట్టించి మూసలో పడేయించాడు. కంచు కరిగింది కానీ గుసగుసలు కరగలేదు. మూస పట్టుకున్నవాళ్ళు తల పక్కకి తిప్పుకుని పని చేశారు.

మూడో గంట పని రుద్రాచారి ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. మట్టి తనే చూసుకున్నాడు, తనే ఎండబెట్టాడు. తగరం తనే తూచాడు, ధార తెగకుండా తనే పోశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. గోతి కప్పించి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం మంచు దిగింది. అనుకున్నదానికంటే పది రోజులు ముందే వచ్చింది. నెత్తి మీద ఉండాల్సిన సూర్యుడు ఏమయ్యాడో తెలియలేదు. చాచిన చెయ్యి చాచినవాడికి కనబడలేదు. శాలలో నూరుమంది ఉన్నారు, ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

అప్పుడు గోతిలోంచి చప్పుడయింది. లోపలినుంచి ఎవరో తలుపు తట్టినట్టు టక్, టక్ అంది. ఆ వెంటనే మట్టి కిందినుంచి ఒక గొంతు వచ్చింది. ఎవరో కుర్రవాడి గొంతు, భయంతో బిగుసుకుపోయిన గొంతు.

"నేను కాదండీ. ముత్యాచారే మంట తగ్గించాడు."

అది ఎవరి గొంతో అందరికంటే ముందు ఒక్కడికే తెలిసింది. అది రుద్రాచారి సొంత గొంతే, పడుచునాటిది.

పదిహేనేళ్ళ కిందటి మాట అది. అప్పుడతను మూస పట్టేవాడు. పోత మధ్యలో అతని చెయ్యి తడబడి ధార తెగింది, గంట పాడైంది. జోగాచారి ఎవరి తప్పని అడిగాడు. చల్లారు కొలువులో, అందరి మధ్యనా, తిట్టరని తెలిసినా పైమెట్టు దక్కదన్న భయంతో, అతను తోటివాడి మీదికి తోసేశాడు. ముత్యాచారి ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎవరూ పొమ్మనకపోయినా, ఆ అవమానం భరించలేక అతను పెళ్ళాం పిల్లలతో ఊరు విడిచి పోయాడు. ఆ మరుసటి ఏడే రుద్రాచారి ఒక మెట్టు పైకెక్కాడు.

కొలువు ఎందుకు మాన్పించాడో ఇప్పుడు తెలిసిందా? పూట వృథా అవుతుందని కాదు. శాలపెద్ద అయ్యాక అందరికంటే ముందు తను నోరు విప్పాలి. విప్పితే ఏం బయటికొస్తుందో అతనికి తెలుసు.

"మట్టి పోయండి!" అని అరిచాడు. "ఇంకా పోయండి!"

పారలు లేచాయి. మట్టి మీద మట్టి పడింది. పడేకొద్దీ ఆ గొంతు పెద్దదయింది, దాని వెనకాల పాత గుసగుసలూ లేచాయి. "నేను కాదండీ. నేను కాదండీ."

అంతలో సముద్రం వైపునుంచి శంఖం వినబడింది. ఒకటి, రెండు, పది. మంచులో దారి తప్పిన పడవలవాళ్ళు ఊదుతున్నారు. గంట ఏదీ, గంట ఏదీ అని అడుగుతున్నారు.

నూకాలు తడుముకుంటూ వచ్చి రుద్రాచారి చెయ్యి పట్టుకుంది. "బాబూ, మా తమ్ముడు దానయ్య ఆ నీళ్ళ మీదున్నాడు. తవ్వనియ్యండి. గంట కడదాం."

"ఈ గంట పనికిరాదు. మట్టి పోయండి!"

అలా ఒక ఘడియ గడిచిపోయింది. శంఖాల్లో ఒకటి మధ్యలో ఆగింది. మళ్ళీ ఊదలేదు.

నూకాలు అతని చెయ్యి వదిలేసింది. గోతి పక్కన, పూర్వం కొలువు తీరిన చోటే నేల మీద చతికిలబడింది. ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"తడి మట్టని తెలిసీ ఒక్కపాలే సెప్పి ఊరుకున్నాను. రెండోపాలి సెప్పాల్సింది. కసిరితే కసరనీ, మూడోపాలి సెప్పాల్సింది. అది నా తప్పు."

మట్టి కింద గుసగుసల్లో ఒకటి తగ్గింది. అందరూ విన్నారు. పార కింద పడేసి సింహాద్రి కూర్చున్నాడు. "తగరం తక్కువని చూశాను. నా పీకల మీదికి రాకపోతే చాలనుకున్నాను. అది నా తప్పు." ఇంకో గుసగుస ఆగింది. మంచులో ఒక్కొక్కరే కూర్చోసాగారు. ఎవరి మొహం ఎవరికీ కనబడలేదు, మాట ఒక్కటే వినబడింది. చివరికి మట్టి కింద ఒక్క గొంతు మిగిలింది.

"నేను కాదండీ. ముత్యాచారే."

ఎవరూ రుద్రాచారిని అడగలేదు. అతనికి సిగ్గేసింది, భయమేసింది. పీట పోతుంది, పరువు పోతుంది. పరుగెత్తిపోదామా అని కూడా అనుకున్నాడు. సముద్రం మీద ఇంకో శంఖం మోగింది.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నేనే" అన్నాడు. "ధార తెంపింది నేను. ముత్యాచారి మీద అబద్ధం చెప్పింది నేను. ఆ అబద్ధం మీద కాలుపెట్టి ఈ పీట దాకా వచ్చాను. అది బయటపడుతుందని మీ అందరి నోళ్ళూ కుట్టేశాను."

గోతిలో చప్పుడు ఆగిపోయింది.

ఆ తరువాత ఎవరూ ఎవరికీ ఆజ్ఞ వెయ్యలేదు. పారలతో తవ్వారు, చేతులతో తవ్వారు. అచ్చు పగలగొట్టి, గంటను రేవుకి మోసుకుపోయారు. రుద్రాచారి తాడు నూకాలు చేతికిచ్చాడు. ఆమె కొట్టింది. ఖంగుమని మోగింది. అందులో ఎవరి గొంతూ లేదు, ఉత్త గంట చప్పుడే. వినగానే సింహాద్రి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మంచులోంచి పడవలు ఒకటొకటే వచ్చాయి. నూకాలు గంట కొడుతూనే ఉంది. చేతులు బొబ్బలెక్కినా తాడు ఇంకెవరికీ ఇవ్వలేదు. ముప్పై ఆరు వచ్చాయి. ముప్పై ఏడోది దానయ్యది. మర్నాడు మంచు విడిచాక దాని చెక్కలు నల్లరాళ్ళ మీద కనబడ్డాయి.

రుద్రాచారి నూకాలు గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"సెమించమని నన్నడక్కండి బాబూ" అంది నూకాలు. "ఆ మాట నా కాడ నేదు. కొలువు పెట్టండి. అంతే."

రుద్రాచారి రాజుగారికి అంతా చెప్పి, పీట దిగిపోతానన్నాడు. రాజుగారు ఒప్పుకోలేదు. "దిగిపోతే నీకు తేలిక. ఆ పీట మీదే ఉండి రోజూ చెప్పుకో" అన్నారు. ముత్యాచారి నాలుగూళ్ళ అవతల ఆవుల మెడకు గంటలు పోసుకుని బతుకుతున్నాడు. రుద్రాచారి అక్కడికి నడిచి వెళ్ళి, అతని పిల్లల ఎదుట నిజం చెప్పాడు. ముత్యాచారి తిరిగి రాలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాడు.

ఆ తరువాత రుద్రాచారి ఇరవై ఏళ్ళు శాలపెద్దగా ఉన్నాడు. ప్రతి గంటకూ కొలువు తీరింది. ప్రతి కొలువులోనూ అతనే ముందు మాట్లాడాడు. ఆ పోతలో చేసిన తప్పు చెప్పేముందు, "దానయ్యకు వినబడాల్సిన గంట మీద నేను ఒక ఘడియసేపు మట్టి పోయించాను" అనేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది విని నివ్వెరపోయేవారు. తరువాత వాళ్ళూ నోరు విప్పేవారు.

ఒకసారి రాజుగారి కోట గంటకు అంతా సిద్ధమైంది, కంచు కరిగి ఉంది. నూకాలు అచ్చుని తడిమి చూసింది. "కుడిపక్క పల్చబడింది బాబూ. ఇది పగలగొట్టి మళ్ళీ కట్టాల" అంది.

రుద్రాచారి వంగి తనూ తడిమి చూశాడు. "నాకు తెలియలేదు నూకాలూ. పగలగొట్టు" అన్నాడు.

నీతి: పైమెట్టు మీద ఉన్నవాడు తన తప్పు ముందుగా చెప్పుకుంటేనే, కింది మెట్టు మీద ఉన్నవాడు నిజం చెప్పగలుగుతాడు.